తుడవని దుమ్ము

సోలాంజ్ చేతులకు బేడీలు వెయ్యలేదు. కెప్టెన్ కెర్‌ద్రెల్ చేసిన మర్యాద అదొక్కటే.

డిటెక్టివ్ తెసియే వంటింట్లోకి వచ్చేసరికి ఆమె బల్ల ముందు కూర్చుని ఉంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. కాళ్లకు చెక్క చెప్పులు అలాగే ఉన్నాయి. పొయ్యి మీద సూపు చల్లారి మీగడ కట్టింది. గుమ్మంలో ఒడిల్ అనే పోలీసావిడ కాపలా ఉంది. ఆ కాపలా ఆమెకే నచ్చినట్టు లేదు.

సోలాంజ్ తమ్ముడు ఫిర్మిన్ సోమవారం పొద్దున తన కొట్టంలో, తన పాత కారు కింద నలిగి చచ్చి కనిపించాడు. జాకీ దిగిపోయింది. దానంతట అది దిగలేదు, ఎవరో మర తిప్పి దించారు. ఇంట్లో ఉన్నది అక్క ఒక్కతే. కారుకు వారసురాలూ ఆమే. కెప్టెన్‌కు అంతకంటే అక్కర్లేకపోయింది. ఇవాళ బుధవారం. లాయరు ఖర్చుల కోసం సోలాంజ్ కారును వేలానికి ఇచ్చేసింది; మధ్యాహ్నం వేలం కంపెనీ లారీ వచ్చి దాన్ని గోడౌనుకు తీసుకుపోతుంది. లారీ కదిలాక కెప్టెన్ జీపు కదులుతుంది. అందులో సోలాంజ్ జైలుకు పోతుంది.

తెసియే ఆమె లాయరు పంపిన మనిషి. అందుకని గేటు దగ్గర ఆపలేకపోయారు.

"తిన్నావా అమ్మా?"

"తిననిస్తేగా! చాకు ముట్టుకోనివ్వరు. రొట్టె కోసుకుంటానంటే కెప్టెన్‌గారి పీక కోస్తాననుకుంటున్నారు."

"కోస్తావా?"

"పదును చూసి చెప్తా."

ఒడిల్ మొహం పక్కకు తిప్పుకుంది.

తెసియే పైపు నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీశాడు. అగ్గిపెట్టె కోటు జేబులో పడేశాడు. "కారును తగలబెడతానని బారులో అరిచావట."

"అరిచాను. ఒకసారి కాదు, ఊరంతా వినేదాకా అరిచాను. ఆ చూరు చూడు. వాన పడితే నా మంచం పక్కన బకెట్లు. కొట్టం కప్పు మాత్రం ఏటేటా బాగుచేయించేవాడు. అమ్మరా అంటే అమ్మడు. పోనీ నడుపుకోరా అంటే ఇంజను పట్టేసిందంటాడు. చూస్తానంటే తలుపుకు తాళం. పెళ్లాన్నయినా అంత కాపలా కాయడు ఎవడూ."

ఆ కారు ఊరందరికీ తెలుసు. ఫిర్మిన్ వయసులో ఉన్నప్పుడు ఊరి డాక్టరు దగ్గర డ్రైవరు. డాక్టరు పోతూ తన వొర్బాన్ కారు అతనికిచ్చి పోయాడు. యుద్ధానికి ముందు చేసిన బండి. చేసిన కంపెనీ ఏనాడో మూతపడింది. ప్రపంచం మొత్తం మీద నాలుగైదు మిగిలాయంటారు.

"నువ్వు ఈ ఇంటికి ఎప్పుడొచ్చావు?"

"పుట్టింది ఇక్కడే. మళ్లీ వచ్చింది మా ఆయన పోయాక. అన్సెల్మ్ సైకిలు మీద ఇంటికొస్తుంటే ఎవడో గుద్ది, ఆగకుండా పోయాడు. నలభై ఏళ్లు దాటింది, ఎవడో ఇప్పటికీ తెలీదు. ఈ కిటికీ రెక్కలకు వేయగా మిగిలిన నీలం రంగు నేనే పూశాను ఆ సైకిలుకు, చీకట్లో కనపడుతుందని. కనపడలేదు." ఆమె బల్ల మీద లేని నలుసును కొంగుతో తుడిచింది. కొంగంటే నడుముకు కట్టుకున్న ముతక గుడ్డ అంచు. "అంత్యక్రియలు కాగానే వీడొచ్చి నా సామాను వీపు మీద మోసుకొచ్చాడు. పదక్కా, నా దగ్గరుందువుగాని అన్నాడు. పెళ్లి కూడా చేసుకోలేదు. అలాంటివాణ్ణి నేను చంపానంట!"

బూడిద రంగు పిల్లి ఒకటి బల్ల కిందనుంచి వచ్చి తెసియే బూటు వాసన చూసింది.

"ఇదెవరు?"

"వాడే తెచ్చాడు పక్క పొలంవాళ్ల దగ్గర్నుంచి, ఆదివారం సాయంత్రం. కారు సీట్లలో ఎలుకలు దూరాయట. ఎలుకలకు పిల్లినైతే తెచ్చాడు, నా బకెట్లకు మాత్రం ఏ ఉపాయమూ లేదు. తెచ్చినదాన్ని తెచ్చినట్టే కొట్టంలో వదిలి తలుపేశాడు. సోమవారం పొద్దున తాళం లేదు, నేను తలుపు తీస్తే ముందు బయటికి దూకింది ఇదే."

"నువ్వు లోపల ఏం ముట్టుకున్నావు?"

"వాడి చెయ్యి. ఇంకేం ముట్టుకుంటాను? కారు కింద నుంచి కాళ్లూ, ఒక చెయ్యీ మాత్రమే బయటికున్నాయి. ఆ చెయ్యి చల్లగా, శుభ్రంగా ఉంది."

"శుభ్రంగానా?"

"భోజనానికి కడుక్కున్నట్టు."

తెసియే పైపు నోట్లోంచి తీశాడు. "ఫిర్మిన్ మోకాళ్లు ఎలా ఉండేవి?"

"మోకాళ్లా అవి! కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాలి. నేల మీద కూర్చోవాలంటే గోడో, గుంజో, నా భుజమో కావాలి."

తెసియే పైపును పొయ్యిలోకి దులిపి లేచాడు.

కొట్టం తలుపు దగ్గర కెప్టెన్ కెర్‌ద్రెల్ చేతులు కట్టుకుని ఉన్నాడు. ఒకప్పుడు తెసియే కింద పనిచేసినవాడు. ఆ సంగతి ఎవరూ గుర్తుచేయకూడదని అతని కోరిక.

"వచ్చారా? రిటైరయినవాళ్లు ఇంట్లో కూర్చుని చెస్ట్‌నట్లు కాల్చుకోవాలి సార్."

"కాల్చుకుంటాలే. ముందు నీ కేసు కాలనీ."

"కేసు అయిపోయింది. కారు కోసం తమ్ముణ్ణి చంపింది. ఊరంతా సాక్ష్యం."

"ఊరంతా విన్నది తగలబెడతానన్న మాట. తగలబెట్టాలనుకున్న మనిషి దానికోసం చంపుతుందా?"

"కోపం వచ్చినవాళ్లు లెక్క చూసి చంపరు."

"అవును. నాకిప్పుడు వచ్చింది. చూస్తున్నావుగా, నేనింకా నిన్ను కొట్టలేదు."

కారు మూతి తలుపు వైపుకుంది. కారు కుడి పక్కకీ గోడకీ మధ్య సందు లేకుండా, ఆ వైపు మూతి మూలను కూడా కప్పేస్తూ బంగాళాదుంపల బస్తాలు పేర్చి ఉన్నాయి. వెనక గడ్డి అటక. తెసియే ఎడమ పక్కన నడిచాడు. మనిషి పడి ఉన్నది వెనక చక్రం దగ్గర, కాళ్లు ఇటు, తల లోపలికి. నేల మీద మరక మిగిలింది.

అతను నేల వైపు చూడలేదు. మడ్‌గార్డునే చాలాసేపు చూశాడు.

దుమ్ము దట్టంగా, కంబళిలా పరుచుకుని ఉంది. ఎక్కడా చెదరలేదు. తలుపు కింద కాలు పెట్టి ఎక్కే పలక మీదా అంతే. వెనక డిక్కీ మీద మాత్రం చేతుల గుర్తులు, మోచేతుల గుర్తులు, అంతా పులిమేసి ఉంది.

"వెనక ఇలా చేసిందెవరు?"

"మేమే. కింద మనిషున్నాడు. ప్రాణం ఉందేమోనని నలుగురం వెనక నుంచి ఎత్తాం, ఒడిల్ కాళ్లు పట్టి లాగింది. తప్పా?"

"కాదు. ఫొటోలు?"

"మనిషిని తీశాక."

"అది తప్పు." తెసియే కారు కిందకి వేలు చూపించాడు. "జాకీ పక్కన ఆ బొత్తాం ఎవరిది? ముందు చూశావా?"

"ఏ బొత్తాం?" కెప్టెన్ కిందకి వంగాడు. కనపడలేదు. ఒక మోకాలు నేలకు ఆనించి తల దూర్చాడు. "ఏదీ? ఇక్కడేం లేదే!"

"ఏమీ లేదు. నీ ఎడం చెయ్యి ఎక్కడుందో చూసుకో."

చెయ్యి పలక మీద ఉంది. తీస్తే, దుమ్ములో అయిదు వేళ్లూ అచ్చుగుద్దినట్టు పడ్డాయి.

"నీ మోకాళ్లు బాగానే ఉన్నాయి. అయినా పట్టుకున్నావు. పట్టుకున్న సంగతి నీకే తెలీదు. బల్ల లేకుండా కుర్చీలోంచి లేవలేని ఫిర్మిన్, ఇక్కడ దేన్నీ పట్టుకోకుండా నేల మీదకు దిగి, పడుకుని, లోపలికి పాకాడా? వాడి చేతికి దుమ్ము లేదు. దుమ్ముకు వాడి చెయ్యి లేదు. వాడు తనంతట తాను కారు కిందకి వెళ్లలేదు. వేరే చోట చచ్చాడు. ఎవరో తెచ్చి పడుకోబెట్టి, మీదకి కారు దించారు."

కెప్టెన్ మొహం ఎర్రబడింది. చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. "అయితే ఆవిడే తెచ్చి పడుకోబెట్టింది."

"డెబ్బై నాలుగేళ్ల మనిషి. శవాన్ని ఈడ్చుకొచ్చి, ఎక్కడా చెయ్యి ఆనించకుండా? ఇంట్లోకి వెళ్లి దుమ్ము పట్టిన వస్తువు ఒక్కటి తీసుకురా, నేనిప్పుడే ఇంటికి పోతాను. కబుర్లు చెబుతూ కూడా బల్ల తుడిచే మనిషి ఆవిడ." తెసియే గొంతు పెరిగింది. "ఈ పని చేసినవాడు ఫిర్మిన్‌ని బస్తాలా విసిరాడు. దుమ్ముని మాత్రం పసిపిల్లలా చూసుకున్నాడు. ఎందుకు?"

కెప్టెన్‌కు తెలుసు. పోలీసు ఉద్యోగంలో ఈ వ్యాపారం అతనూ చూశాడు. కొట్టాల్లో మరుగున పడ్డ కార్లను వెతికి పట్టేవాళ్లు వాటిని కడగరు, తుడవరు, ఊదరు. కొనేవాడికి ఆ దుమ్మే సాక్ష్యం, ఇన్నేళ్లు ఎవరూ ముట్టుకోలేదని. తుడిచిన రోజున కారు ధర సగానికి పడిపోతుంది.

"దుమ్ముకి ధర ఉందని తెలిసినవాడు," అన్నాడు తెసియే. "సోలాంజ్ లాంటివాళ్లకది మురికి."

బయట లారీ హారను మోగింది.

తెసియే ముందుకు వచ్చి, ఇంజను తిప్పే ఇనప హ్యాండిలు కన్నంలో దూర్చి తిప్పాడు. వెన్నలో తిరిగినట్టు తిరిగింది. గూట్లో నూనె డబ్బా ఉంది. దాని మూతి తళతళలాడుతోంది. ఏటేటా నూనె పోసి కాపాడుకున్న ఇంజను. మరి పట్టేసిందని అక్కకు ఎందుకు చెప్పాడు?

లారీలోంచి దిగినవాడు కుర్తియాల్. వేలం కంపెనీ తరఫున ఊరూరా తిరిగి పాత కార్లు వెతికే మనిషి. సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. చేతులకు తెల్లటి నూలు తొడుగులు.

"ఎవరూ ముట్టుకోలేదు కదా కెప్టెన్‌గారూ?"

తెసియే అడ్డం వచ్చాడు. "నువ్వేనా దీన్ని కనిపెట్టింది?"

"నేనే. చలికాలంలో. తలుపు సందులోంచి ఒక్క హెడ్‌లైటు కనిపించింది. ఒక్కటి చాలు నాకు. ఆ ముసలాయన్ని ఎన్నిసార్లు బతిమాలానో! లోపలికి రానివ్వలేదు. పాపం, పోయాడు."

"లోపల ఎప్పుడూ చూడలేదా?"

"ఇవాళే మొదలు."

తొడుగులు సర్దుకుంటూ కొట్టం వైపు నడిచాడు.

తాడు కట్టి లారీ మరతో కారును మెల్లగా వాకిట్లోకి లాగారు; దాని కుడి పక్క ప్రహరీ గోడ వైపు ఉండిపోయింది. నలభై ఏళ్ల తర్వాత దాని మీద ఎండ పడింది. ఒడిల్ సోలాంజ్‌ని కూడా జీపు దాకా నడిపించుకొచ్చింది. కుర్తియాల్ ముందు నుంచి మొదలుపెట్టి ఎడమ పక్కగా నడిచాడు, గుళ్లో నడిచినట్టు. పలక మీద అయిదు వేళ్లు చూసి ఆగాడు.

"ఎవరిదీ చెయ్యి?"

"నాదే. ఏం?" అన్నాడు కెప్టెన్.

"ఏమంటారేంటండీ! దీన్ని..." మాట మింగి వెనక్కి నడిచాడు. డిక్కీ దగ్గరకు వచ్చాడు. అక్కడ అతని మొహం మారిపోయింది.

"పశువులు!" అని అరిచాడు. "పశువులు మీరు! ఏం చేశారిది? అటక మీంచి దూకినట్టు ఎంత ముద్దుగా ఉన్నాయి ఆ పిల్లి అడుగులు, ఈ చివర నుంచి ఆ చివరకు! ఒక్క ఫొటో చాలు, హాలంతా లేచి నిలబడేది! మోచేతులతో పులిమేశారు! దున్నపోతులు కూడా..."

"ఏ పిల్లి?" అన్నాడు తెసియే.

చాలా నెమ్మదిగా అన్నాడు.

"ఏ పిల్లి, కుర్తియాల్? ఇక్కడ అడుగులేం లేవు. పోలీసుల చేతులే ఉన్నాయి, సోమవారం నుంచి. నాకు కనపడని పిల్లి ఇవాళే మొదటిసారి వచ్చిన నీకెలా కనపడింది?"

కుర్తియాల్ పెదాలు తడుపుకున్నాడు. "అంటే, కొట్టాల్లో పిల్లులు మామూలే కదా..."

"ఉన్నాయి కెప్టెన్," అంది ఒడిల్. "సోమవారం మనం ఎత్తేముందు డిక్కీ మీద పిల్లి అడుగులు చూశాను నేను. అటక వైపు నుంచి ఈ చివరికే ఉన్నాయి. మీ అందరి చేతులూ వాటి మీదే పడ్డాయి."

"చెప్పవేం నాకు?"

"మీరు అడగలేదు సార్. నోరు మూసుకుని కాళ్లు పట్టుకోమన్నారు."

కుర్తియాల్ చేతులు పైకెత్తాడు. "సరే, సరే. అబద్ధమాడాను. కిందటి నెల ఫిర్మినే లోపలికి పిలిచి చూపించాడు. అప్పుడు చూశాను. అదేమన్నా నేరమా?"

తెసియే జీపు వైపు తిరిగాడు.

"కిందటి నెలా?" సోలాంజ్ చెక్క చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చింది. "ఒరేయ్, ఆ పిల్లి ఈ గడప తొక్కిందే ఆదివారం సాయంత్రంరా! తెచ్చి కొట్టంలో వేశాడు, పొద్దునకి చచ్చాడు. ఆ అడుగులు చూశావంటే ఆ రాత్రి నువ్వక్కడున్నావు!"

కుర్తియాల్ లారీ వైపు ఒక అడుగు వేశాడు. ఒడిల్ అప్పటికే అక్కడ ఉంది. కెప్టెన్ సోలాంజ్ వైపు ఒకసారి, తెసియే వైపు ఒకసారి చూసి, నడుముకున్న బేడీలు తీసి తెల్ల తొడుగుల మీదే వేశాడు.

"నువ్వు చెప్పాల్సిందేమన్నా ఉంటే చెప్పుకో," అన్నాడు. ఆ కోపమంతా తన మీద తనకే.

సోలాంజ్‌కు అది చాల్లేదు. ఆమె వగరుస్తోంది. కుర్తియాల్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"నా తమ్ముడు నీకేం చేశాడురా? ఈ మురికి కోసమా?" కొంగు గుప్పిట పట్టి మడ్‌గార్డు మీద ఒక్క తుడుపు తుడిచింది. నల్లటి రంగు ఎండలో మెరిసింది.

కుర్తియాల్ కెవ్వుమన్నాడు. ఎవరో అతన్నే కోసినట్టు. "వద్దు! పట్టుకోండి ఆవిణ్ణి! కెప్టెన్!"

కెప్టెన్ కదల్లేదు.

ఆమె బానెట్ తుడిచింది. అద్దం తుడిచింది. వంట గిన్నె తోమినట్టు తలుపు తోమింది. దుమ్ము మేఘంలా లేచింది. "ఇదిగో నీ ధర! ఇదిగో! ఇదిగో!"

"తుడువు!" కుర్తియాల్ గొంతు చీరుకుపోయింది. కళ్లలో నీళ్లు, నోట్లో విషం. "తుడువు ముసలిదానా, ఆ కుడి పక్క కూడా తుడువు! నలభై ఏళ్లు బస్తాల వెనక దాచింది అదే! ఆదివారం రాత్రి తాళం తెరిచి లోపలికి దూరి, బస్తాలు తీసి చూసి మళ్లీ పేర్చాను. చూసి, అమ్ముతావా, మీ అక్కకు చెప్పనా అన్నాను. వాడేమన్నాడో తెలుసా? తెల్లారగానే నేనే చెప్పేస్తానన్నాడు! చెబితే నువ్వు దీన్ని తగలబెట్టేదానివి. ఊరంతా విన్నారు, నేనూ విన్నాను. ఇలాంటిది ఇంకోటి పుడుతుందా ఈ భూమ్మీద? వాడిలాంటివాళ్లు వీధికి పదిమంది!"

తెసియేకు అప్పుడు అర్థమైంది. వెన్నలా తిరిగే ఇంజను. తళతళలాడే నూనె డబ్బా. సామాను వీపు మీద మోసుకొచ్చిన తమ్ముడు.

"అమ్మా," అన్నాడు. "అమ్మా, ఆగు. అటు వెళ్లకు."

ఆమె అప్పటికే అటు వెళ్లింది.

కుడి మడ్‌గార్డు లోపలికి నొక్కుకుపోయి ఉంది. హెడ్‌లైటు అద్దం లేదు. ముడుచుకున్న రేకు మడతల్లో దుమ్ము గట్టిపడింది. సోలాంజ్ కొంగు తడుపుకోవడానికి ఉమ్మి కూడా వేసింది. రుద్దింది. మళ్లీ రుద్దింది. నలుపు మీద, మడత పొడవునా, నీలం రంగు గీత ఒకటి బయటపడింది.

ఆమె దాన్ని వేలితో ముట్టుకుంది. తలెత్తి ఇంటి కిటికీ రెక్కల వైపు చూసింది. మళ్లీ గీత వైపు చూసింది.



"నలభై ఏళ్లు వాడికి సూపు కాచాను," అంది సోలాంజ్.

లారీవాడు ఇంజను ఆపేశాడు. కారు తలుపు సందులోంచి చిరిగిన సీటు, సీటులోంచి ఎండిన పీచు కనిపిస్తున్నాయి. పిల్లి ఎక్కడి నుంచో వచ్చి, తుడిచిన బానెట్ మీదకు ఎగిరి, ఎండలో కూర్చుంది. ఆమె దాన్ని రెండు చేతులా ఎత్తి, జాగ్రత్తగా దూరంగా నేల మీద దించింది.

తర్వాత తెసియే దగ్గరకు వచ్చి చెయ్యి చాపింది.

"నాయనా, నీ అగ్గిపెట్టె ఇలా ఇవ్వు."

తెసియే చెయ్యి కోటు జేబులోకి వెళ్లింది. అక్కడే ఆగింది.